సీసా అడుగున తెలుపు

భక్తితో చేసిన పనివల్ల ఒక ప్రాణికి కీడు జరిగితే ఆ దోషం ఎవరిది? ఈ సందేహం నన్ను తొమ్మిదేళ్లపాటు వదలలేదు. పురాణం చెప్పేవారిని అడిగాను. మనసు మంచిదైతే చాలన్నారు. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుంటే మాత్రం ఆ జవాబు నాకు చాలేది కాదు. మనసు మంచిదే, ఒప్పుకుంటాను. మరి కళ్లు చూసినదాన్ని నోరు చెప్పకపోతే, ఆ మనసును మంచిదని ఎలా అనుకోవాలి?

పాఠకులారా, నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. లాల్‌పేట్ అనే మరాఠీ ఊరి బొగ్గుగనిలో కార్మికుల హాజరు రాసే గుమాస్తాగా ముప్పై ఏళ్లు పనిచేశాను. నా పేరు అనంతరావు. జరిగింది జరిగినట్టు చెబుతాను. తీర్పు మీది.

1995 శ్రావణమాసం. మా కాలనీలో ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు అరవై దాకా ఉండేవి. పిల్లలు మరాఠీ బడికి వెళ్లేవారు. తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఆదివారాలు మా వరండాలో ఓ పదిమందిని కూర్చోబెట్టి నేను అక్షరాలు దిద్దించేవాణ్ణి. అందుకే భజన మండలి పెద్ద అప్పలనర్సయ్య లక్ష రామనామ గోళీల మొక్కు మాట ఎత్తినప్పుడు, అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే.

చిన్న కాగితం ముక్క మీద రామనామం రాయాలి. దాన్ని గోధుమపిండి ముద్దలో పెట్టి రేగిపండంత ఉండ చేయాలి. ఆ ఉండలను చేపలకు వేయాలి. ఈ ప్రాంతంలో ఎన్నాళ్లనుంచో చేస్తున్న పుణ్యకార్యమే. పేరు తెలుగులోనే రాయాలని నేను పట్టుబట్టాను. ఆ నెలలో మా పిల్లలంతా 'రామ' అని రాయడం నేర్చుకున్నారు. తెలుగులో ఆ రెండు అక్షరాలు తప్ప మరేమీ రానివాళ్లు ఇప్పటికీ మా కాలనీలో ఉన్నారు.

గోళీలు వేయడానికి ఏటికి పోదామంటే నీళ్లు బొగ్గు కడిగిన నలుపు. కాబట్టి కాలనీ వెనకాల గుంతను ఎంచుకున్నాం. ఒకప్పుడు ఇటుకబట్టీకి మట్టి తవ్విన చోటు అది. వానలకు నిండి ఎకరన్నర చెరువైంది. మత్స్య సహకార సంఘం దాన్ని దుర్గమ్మకు కౌలుకిచ్చింది. దుర్గమ్మ బెస్తల ఆడమనిషి. భర్త పోయాక ఆ గుంత మీదే బతుకుతూ, ఒక్కగానొక్క కూతురు స్వరూపను చదివించింది.

మొక్కు సంగతి చెప్పడానికి నేను వెళ్లినప్పుడు ఆమె గట్టు మీద వల బాగుచేసుకుంటోంది.

"రామునికి నేనేం అడ్డం జెప్త సారు?" అంది. "శ్రావణమంత వల ఎండేసుకుంట. జర పిండి మాత్రం తక్కువ ఎయ్యమనుండ్రి. నా బిడ్డ ఒద్దంటది."

"నీ బిడ్డకేం తెలుసు?" అన్నాను నవ్వుతూ.

"నాకేం ఎరుక సారు. నాలుగేండ్లు గదే సదివొచ్చింది గదా!"

నిజమే. స్వరూప కొంకణం వైపు సముద్రం ఒడ్డున ఉన్న కళాశాలలో చేపల చదువు చదివి ఆ వేసవిలోనే తిరిగొచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాలు ఆపేసిన రోజులవి. తోటివాళ్లంతా ఆంధ్రా తీరంలో కొత్తగా లేస్తున్న రొయ్యల కంపెనీలకు పోయారు. ఈ పిల్ల మాత్రం ఒక ట్రంకుపెట్టెతో తల్లి దగ్గరికి వచ్చింది. పెట్టెలో బట్టలకంటే గాజుసీసాలే ఎక్కువ. తాడు కట్టిన ఒక పళ్లెం ఉండేది, సగం తెలుపు, సగం నలుపు. దాన్ని నీళ్లలోకి దించి ఎంత లోతులో కనబడకుండా పోతుందో కొలిచి పుస్తకంలో రాసుకునేది. తల్లి చేపకు సూది వేసి గుడ్లు పెట్టించింది కూడా. అది తెలిసి కాలనీ అంతా వారం రోజులు నవ్వుకుంది.

"ఏం పిల్లా, మీ చేపకు నెల తప్పిందా?" అని నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లు అడిగేవారు. "నాలుగేండ్లు సదివి మళ్ల గుంత కాడికే వచ్చినవ్ గదా!"

"గుంత కోసమే సదివిన అత్తా," అనేది ఆమె.

ఆ మాటకు మరీ నవ్వేవారు. ఆమె బిందె నింపుకుని వెళ్లిపోయేది. ఆమెకు తెలిసింది చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. తల్లికి అర్థం కాదు, మాకు అక్కర లేదు. తెల్లవారకముందే లేచి గట్టు మీద సీసాలు వరసగా పెట్టుకుని కూర్చునేది. తోడుగా ఆ పుస్తకం ఒక్కటే. ఒక్కోసారి పళ్లెం దించి, కొలత బయటికి చదివి, వినేవాళ్లు లేరని గుర్తొచ్చి ఊరుకునేదాన్నని చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది.

శ్రావణం మూడో వారంలో ముసురు పట్టింది. నాలుగు రోజులు సూర్యుడు లేడు. అప్పుడొక పొద్దున గుంత దగ్గరికి వెళ్లిన మేము ఆశ్చర్యంతో నిలబడిపోయాం. వందల చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మనుషుల అలికిడికి కూడా లోపలికి పోవడం లేదు.

అప్పలనర్సయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "చూసిన్రా! నామం కోసం నోళ్లు తెరుస్తున్నయి!"

నాకూ ఒళ్లు పులకరించింది. "జై శ్రీరామ్" అని మొదట అరిచింది నేనేనేమో. ఆడవాళ్లు ఇళ్లకు పరుగెత్తి ఉన్న గోళీలన్నీ తెచ్చారు. మిగిలిన ముప్పైవేలూ మూడు రోజుల్లోనే పూర్తి చేద్దామనుకున్నాం. రెండు బస్తాల పిండి తడిపాం.

స్వరూప గట్టు మీదుగా పరుగున వచ్చింది. "ఆపుండ్రి! అవి తినేటందుకు గాదు, ఊపిరాడక వచ్చినయి. నీళ్లల్ల గాలి అయిపోతున్నది. ఏసిన పిండంత అడుగున కుళ్లుతున్నది!"

"నీళ్లల్ల గాలేంది పోరీ?" అన్నాడు అప్పలనర్సయ్య. "చేపకు భక్తి ఉండొద్దా? నువ్వు సూదులెయ్యి, మేం నామమేస్తం."

అందరూ నవ్వారు. ఆమె నావైపు చూసింది. నా వరండాలోనే తెలుగు అక్షరాలు దిద్దిన పిల్ల ఆమె. నా చేతిలో గోళీల పళ్లెం ఉంది. దాన్ని నీళ్లలోకి వంపాను.

మూడో రోజు పొద్దున నేను ఒక్కణ్ణే ముందుగా వెళ్లాను. ఇంకా వెలుగు సరిగా రాలేదు. గుంతంతా తెల్లగా కనబడింది. మొదట పొగమంచు అనుకున్నాను. దగ్గరికి పోతే చేపల పొట్టలు. బొచ్చెలు, రోహులు, పెద్దవీ చిన్నవీ, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా. దుర్గమ్మ నడుము లోతు నీళ్లలో నిలబడి ఒక్కో చేపను తిప్పి చూస్తోంది. ఏడవడం లేదు. ఏడాది తిండి ఆ నీళ్ల మీద తేలుతోంది.

స్వరూప గట్టు మీద రెండు సీసాలు పట్టుకుని ఉంది.

"సార్, జర సాయం చెయ్యుండ్రి. నా చేతితోని ముంచితే రేపు ఎవ్వరు నమ్మరు. మీరే ముంచుండ్రి."

ఎందుకో నేను కాదనలేదు. పంచె ఎత్తుకుని మోకాళ్ల దాకా దిగాను. సీసాను నీటి కిందే నింపి, బుడగ లేకుండా అక్కడే మూత పెట్టమంది. అలాగే చేశాను. రెండో సీసాలో కాలనీ కుళాయి నీళ్లు పట్టి ఉంచింది. రెండింటిలోనూ ఒకేలా ఒక మందు చుక్కలు, తర్వాత ఇంకో మందు చుక్కలు వేసి తలకిందులు చేసి తిప్పింది.

"నీళ్లల్ల ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతది. లేకుంటే తెల్లగ దిగుతది. మీరే చూడుండ్రి."

కుళాయి నీళ్ల సీసాలో టీ డికాషన్ లాంటి గోధుమరంగు దిగింది. నేను ముంచిన సీసాలో తెల్లగా, మా గోళీల పిండిలాగే తెల్లగా దిగింది.

అంతలో నీళ్లలో ఏదో ఎగిరిపడింది. కొర్రమట్ట చేప.

"చూసిన్రా? అది బతికే ఉన్నది," అంది స్వరూప. "అది పైకొచ్చి మనలెక్క గాలి పీలుస్తది. ఎవరన్న మందు కలిపితే అది గూడ సచ్చేది. నత్తలు సచ్చేవి, కప్పలు సచ్చేవి. ఒక్కటన్న సచ్చిందా సార్?"

ఒక్కటీ చావలేదు. అది కూడా చూశాను.

ఆమె తన పుస్తకం తీసింది. అంతకుముందు పేజీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఈ ఒక్క పేజీ మాత్రం అక్కడే గట్టు మీద కూర్చుని వంకర అక్షరాలతో తెలుగులో రాసింది. నాకు ఇంగ్లీషు సరిగా రాదని ఆమెకు తెలుసు. చదివి సంతకం పెట్టాలి కదా! రోజు, వేళ, రెండు సీసాల రంగులు, కొర్రమట్టలు, నత్తలు. అడుగున 'సాక్షి' అని రాసి ఒక గీత గీసింది.

పెన్ను చేతికిచ్చింది. నా చేయి లేవలేదు. సంతకం పెడితే రామనామం తిన్న చేపలు చచ్చాయని నా చేత్తో నేనే రాసినట్టు కాదా? మండలిలో గోళీల లెక్క చూసేది నేను. పిల్లల చేత రాయించింది నేను.

"రేపు పెడత బిడ్డా," అన్నాను.

మధ్యాహ్నానికి కాలనీలో ఒకే మాట. బెస్తామె నీళ్లలో మందు కలిపింది! నెల రోజులు వల వేయొద్దన్నామని కడుపుమంట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరూ కాదనలేదు. మూడో నాడు సహకార సంఘం కార్యదర్శి పంచాయితీకి వచ్చాడు. స్వరూప పుస్తకం చూపించింది. అతడు మరాఠీ మనిషి. ఆమె చదివి మరాఠీలో వినిపించింది. తల ఊపుతూ విని, చివరికి ఖాళీగా ఉన్న గీత మీద వేలు పెట్టాడు.

"సాక్షీదార్ కోణ్?" అన్నాడు. సాక్షి ఎవరు? ఇంటి మనిషి మాట చెల్లదట.

స్వరూప నా పేరు చెప్పలేదు. నా వైపు చూసిందంతే. దుర్గమ్మ కూడా చూసింది. నేను మా అప్పలనర్సయ్య చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ చెప్పుల పట్టీ మీద కుట్టు ఎన్ని పోగులో ఇప్పటికీ చెప్పగలను.

కౌలు రద్దయింది. సంఘం జాబితాలోంచి దుర్గమ్మ పేరు కొట్టేశారు. ఆ వారంలోనే తల్లీకూతుళ్లు ట్రంకుపెట్టె, వలలు రిక్షాలో వేసుకుని వరోరా బండెక్కారు. స్టేషనుకు ఎవరూ వెళ్లలేదు.

ఆ సాయంత్రం నా భార్య తాయారమ్మ అడిగింది. "నువ్వు చూసినవా?"

"చూసిన."

"మరి?"

నేను లేచి వరండాలోకి వెళ్లాను. ఆమె మళ్లీ అడగలేదు. ఎన్నో వేల గోళీలు చేసిన చేతులవి. ఆ తర్వాత ఎప్పుడూ మొక్కుకు పిండి తడపలేదు.

తొమ్మిదేళ్లు గడిచాయి. గనిలో మనుషుల్ని తగ్గించారు. నేను స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసినవాళ్లలో చేరాను. స్నేహితులు ఊళ్లకు వెళ్లిపోయారు. ఆదివారం చదువులు ఆగిపోయాయి. పిల్లలకు కేబుల్ టీవీ వచ్చింది. భజనకు పోయేవాణ్ణి గాని నోట్లోంచి స్వరం వచ్చేది కాదు. వరండాలో కూర్చుంటే గుంత కనబడేది. ఒకరితో చెప్పుకుంటే తీరే బాధ కాదు. చెప్పుకోవలసినవాళ్లు అక్కడ లేరు. ఆ పిల్ల గట్టు మీద ఒంటరిగా ఎలా కూర్చునేదో అప్పుడు తెలిసింది నాకు.

2004లో అధిక శ్రావణం వచ్చింది. జూలై మొదట్లో మండలి సమావేశమైంది. అప్పలనర్సయ్యకు వయసు మీద పడింది గాని గొంతు తగ్గలేదు.

"ఈసారి రెండు నెలలు. రెండు లక్షల గోళీలు. ఎక్కువ మాసంల ఎక్కువ పుణ్యం. రాత పని మన అనంతరావుదే."

గుంత ఇప్పుడు వెంకటి అనే కుర్రాడి కౌలులో ఉంది. అతడు వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో భయం. కాదనడానికి నోరు రావడం లేదు. ఆనాడు దుర్గమ్మ కూడా ఇలాగే నిలబడి ఉంటుంది. నేను లేచాను.

"ఆ రోజు గుంతల సీసా ముంచింది నేను," అన్నాను. "తెల్లగ దిగింది. కొర్రమట్టలు బతికే ఉండె. దుర్గమ్మ మందు కలపలేదు. చేపలు నోళ్లు తెరిచింది భక్తితోని గాదు, ఊపిరాడక. మనం దాన్ని భక్తి అనుకొని ఇంక రెండు బస్తాలు ఏసినం. నేను చూసిన. చూసి గూడ నోరు మూసుకున్న."

అప్పలనర్సయ్య లేచాడు. "అంటే ఏంది? రామనామం చంపిందంటవా?"

"రామనామం ఎవర్ని చంపదు నర్సన్నా. పిండి కుళ్లింది. లోపల ఏ పేరు రాసినా నీళ్లల్ల పిండి పిండే. ఆ సంగతి చెప్పే పిల్ల మన మధ్యనే ఉండె. నీళ్లను చదవడం నేర్చుకొని వచ్చింది. ఎంత మేత ఎయ్యాలె, ఎప్పుడు ఆపాలె, చేప ఎందుకు పైకొస్తది, అన్ని ఎరుకే ఆమెకు. చేపల చదువని నవ్వినం. కడుపుకు అన్నం పెట్టే నీళ్ల గురించి చదివితే అది చిన్న చదువెట్లయితది? మనం ఆమె మాట వింటే ఆ చేపలు బతికేవి. దుర్గమ్మ ఊరు ఇడిచేది గాదు. దేవుడిచ్చిన ప్రాణాన్ని ఎట్ల కాపాడాల్నో తెలుసుకునుడు గూడ పూజనే. తెలిసినోళ్ల మాట ఇననిది భక్తి గాదు, మన పెత్తనం."

"మరి మొక్కు?" అని ఎవరో అడిగారు.

"పేరు రాద్దాం. పిల్లలకు అక్షరాలన్న వస్తయి. పిండి సంగతి నీళ్లు చూసినోళ్లను అడిగి ఏద్దాం."

వెంకటి కట్టుకున్న చేతులు విప్పాడు. అప్పలనర్సయ్య మరో మాట అనకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆయన ఒప్పుకున్నాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఏడు మాత్రం గుంతలో బస్తాలు వంపలేదు.

ఆదివారం నాడు నేను వరోరా బండెక్కాను.

స్వరూప ఆచూకీ తెలుసుకోవడం కష్టం కాలేదు. ఊరిబయట కుంట గట్టు మీద పన్నెండు మంది పొదుపు సంఘం ఆడవాళ్లు ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు. అదే తెలుపు నలుపు పళ్లెం ఒకామె దించుతోంది.

"దీడ్ ఫూట్, తాయీ!" అని అరిచిందామె. అడుగున్నర, అక్కా అని.

"అయితే ఈ రోజు మేత వేయచ్చు. అడుగు లోపే కనబడకుండా పోతే?" అని స్వరూప మరాఠీలో అడిగింది.

"బంద్!" అన్నారు అందరూ ఒక్కసారి.

తల తిప్పి నన్ను చూసింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది. పలకరించలేదు. "అమ్మ గుడిసె కాడున్నది," అంది.

దుర్గమ్మ గట్టు పక్కనే గుడిసె ముందు వల అల్లుతోంది. చూపు తగ్గిందట, వేళ్లతోనే కన్నాలు లెక్కపెడుతోంది. నేను పేరు చెప్పాను. వేళ్లు ఆగాయి.

"నువ్వా సారు? ఆ పొద్దు మోకాళ్ల దాక నీళ్లల్ల దిగినవ్. నాకు యాదున్నది. ఇప్పుడెందుకొచ్చినవ్?"

"సంతకం పెట్టేటందుకు."

నా వెనకే వచ్చిన స్వరూప లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన పుస్తకం తెచ్చింది. ఆ పేజీ దానంతటదే తెరుచుకుంది. ఎన్నిసార్లు తెరిచారో! వంకర తెలుగు అక్షరాలు కొద్దిగా వెలిసిపోయాయి. కింద గీత అలాగే ఖాళీగా ఉంది.

"ఇప్పుడు దీంతోని కౌలు రాదు సార్," అంది స్వరూప.

"తెలుసు బిడ్డా. నాకు పెన్నియ్యి."

'గుంత నీళ్లు నా చేత్తో ముంచాను. తెల్లగా దిగడం నా కళ్లతో చూశాను. దుర్గమ్మ ఏ మందూ కలపలేదు' అని రాసి సంతకం పెట్టాను. తారీఖు దగ్గర 1995 అని మొదలుపెట్టబోతే స్వరూప నా చేయి ఆపింది.

"ఇయ్యాల్టిదే ఎయ్యుండ్రి సార్. ఎప్పుడు రాస్తే అప్పటి తారీఖే ఉండాలె. నాకు గట్లనే నేర్పిన్రు."

2004 జూలై 11 అని వేశాను.

"ఏం రాసిండు?" అని దుర్గమ్మ అడిగింది.

స్వరూప చదివి వినిపించింది. దుర్గమ్మ వల ఒళ్లోంచి పక్కన పెట్టింది.

"ఇంకోసారి సదువు," అంది.

స్వరూప మళ్లీ చదివింది, ఈసారి గట్టు మీది ఆడవాళ్లకు కూడా వినబడేలా. 'సాక్షి' అన్న మాట పక్కన నా పేరు తడి ఆరుతోంది. తొమ్మిదేళ్ల కింద రేపు పెడతానన్న సంతకం, ఆ రోజు పెట్టాను.